కడుపులో పుండు పడకుండా నొప్పుల బిళ్ళ వాడుకోవడం ఎలా

పొగాకు గ్రేడింగు సాగే నెలల్లో మా మందుల షాపుకు వచ్చే ఆడవారిలో చాలామంది చేతిలో డాక్టరు చీటీ ఉండదు, మడత పెట్టిన కాగితపు పొట్లం ఉంటుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ మూడు రోజులకు డోసులు కట్టి ఇచ్చాడని, అవి మింగాక నడుము తేలిక పడిందని, అవే ఇంకో పది రోజులకు ఇమ్మని అడుగుతారు. మొన్న వేసవిలో టంగుటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె పొట్లాన్ని కౌంటరు అద్దం మీద విప్పి చూశాను. ఒక్కో డోసులో కత్తెరతో కత్తిరించిన షీటు ముక్కలు నాలుగేసి ఉన్నాయి. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ ఒకటి, డైక్లోఫెనాక్ ఒకటి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చిన్న బిళ్ళ ఒకటి, గ్యాస్‌కని రానిటిడిన్ ఒకటి. అంటే ఒకే జాతి మందు రెండు పేర్లతో రెండుసార్లు, దానికి తోడు ఆ మందు చేసే హానిని పెంచే స్టెరాయిడ్, వీటన్నిటికీ కాపలాగా కడుపు పుండును సరిగా ఆపలేని ఒక బిళ్ళ. "ఇవి మింగితే రెండు గంటల్లో కాళ్ళు తేలికవుతాయి నాయనా, కడుపులోనే కాస్త మంట" అన్నది ఆమె.

ఆ కాస్త మంట దగ్గరే ఆగితే ఇంత రాయవలసిన పని లేదు. నొప్పిని, వాపును తగ్గించే ఈ మందులు జీర్ణాశయానికి, పేగులకు చేసే హానిలో ఎక్కువ భాగం మంట లేకుండానే జరుగుతుంది. అందుకే మంట వచ్చాక జాగ్రత్త పడదామనుకునేవారు మోసపోతారు. ఈ మందులను పూర్తిగా మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కీళ్ళ వాతంతో వేళ్ళు ముడుచుకుపోయిన మనిషికి ఇవి చేసే మేలు నేను రోజూ చూస్తున్నాను. వాడేటప్పుడు ఏం చూసుకోవాలో, ఏ క్రమంలో చూసుకోవాలో చెప్పడమే ఇక్కడ పని.

షీటు మీది చిన్న అక్షరాలు

మొదటి పని ఇంట్లో ఉన్న బిళ్ళలన్నిటినీ ఒకచోట పోసి పేర్లు చదవడం. షీటు మీద పెద్దగా కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు, దానితో మనకు పని లేదు. దాని పక్కనో కిందనో చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరును చూడాలి. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే ఈ పని ఆ అమ్మాయికి అప్పగించడం మేలు, ఎందుకంటే పేరు తోకను బట్టి జాతిని గుర్తుపట్టడం పొడుపుకథ విప్పినంత తేలిక. 'ఫెనాక్' అని ముగిసేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. 'ప్రోఫెన్' అని ముగిసేవి ఇబుప్రోఫెన్, కీటోప్రోఫెన్. 'కామ్' అని ముగిసేవి పైరాక్సికామ్, మెలాక్సికామ్, లార్నాక్సికామ్. 'కాక్సిబ్' అని ముగిసేవి ఎటోరికాక్సిబ్, సెలెకాక్సిబ్. తోక లేకుండా ఇదే జాతికి చెందినవి నాప్రాక్సెన్, ఇండోమెథసిన్, కీటోరొలాక్, నిమెసులైడ్, నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్, అన్నిటికన్నా పాతదైన ఆస్పిరిన్. వోవెరాన్‌లో ఉన్నది డైక్లోఫెనాక్, జీరోడాల్-పి లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్, కాంబిఫ్లామ్‌లో ఇబుప్రోఫెన్‌తో పాటు పారాసిటమాల్ ఉంటాయి. గుండెకు స్టెంటు వేసుకున్నవారు రోజూ మింగే ఎకోస్ప్రిన్ 75 కూడా ఆస్పిరినే. అది గుండె బిళ్ళ కదా, నొప్పుల బిళ్ళ కాదు కదా అని లెక్కలో నుంచి తీసేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు.

పారాసిటమాల్ ఈ జాతిది కాదు. డోలో 650, కాల్‌పాల్ వంటి బిళ్ళలలో అదొక్కటే ఉంటుంది, మామూలు మోతాదులో అది కడుపులో పుండు పుట్టించదు. ఇలా చదివాక ఈ జాతి మందులు రెండు కనిపిస్తే ఒకటి పక్కన పెట్టి డాక్టరును అడగండి. రెండు కలిపి మింగడం వల్ల నొప్పి రెండింతలు తగ్గదు, కడుపుకు కలిగే ముప్పు మాత్రం బాగా పెరుగుతుంది. పొట్లంలో విడి బిళ్ళలుగా పోసి ఇచ్చినవైతే మాలాంటివాళ్ళం కూడా కచ్చితంగా చెప్పలేము. అందుకే ఎవరు మందు ఇచ్చినా పేరు కనిపించే షీటుతోనే ఇమ్మని అడగాలి. అలా అడగడానికి మొహమాటపడనక్కర లేదు.

కడుపుకు ఎందుకు పడదు

కడుపులో ఊరే ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటైనది. మాంసాన్ని కరిగించే ఆ ఆమ్లం కడుపునే కరిగించకుండా ఉండడానికి లోపలి గోడ మీద ఎప్పటికప్పుడు జిగురు పొర ఊరుతుంటుంది, ఆమ్లాన్ని విరిచే క్షారం ఆ జిగురులో కలుస్తుంటుంది, గోడలోకి రక్తం ధారాళంగా ప్రవహిస్తుంటుంది, అరిగిన కణాల చోట కొత్తవి వస్తుంటాయి. మట్టి గోడల ఇంటిని ఆడవాళ్ళు ఎప్పటికప్పుడు అలికి, మెత్తి నిలబెట్టినట్టే ఈ మరమ్మతు కూడా నిత్యం జరగవలసిందే. ఆ పని చేయించేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. చిక్కంతా ఏమిటంటే మోకాలిలో వాపును, నొప్పిని పెంచేవి కూడా ఆ కుటుంబానికి చెందిన పదార్థాలే. ఆస్పిరిన్ మార్కెట్లోకి వచ్చింది 1899లో. అది శరీరంలో ఏం చేస్తుందో తెలియడానికి మాత్రం 1971 వరకు ఆగవలసి వచ్చింది. లండన్‌లో పనిచేస్తున్న జాన్ వేన్ ఆ ఏడాది ఆస్పిరిన్, దాని జాతి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని చూపించాడు. 1982లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మోకాలిలో వాపు తగ్గించే మందే కడుపులో అలుకును కూడా ఆపుతుందన్నమాట.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మన ఊళ్ళలో తిరిగే సగం నమ్మకాలు వాటంతటవే తేలిపోతాయి. బిళ్ళ కడుపుకు పడదు కాబట్టి సూది వేయించుకుంటాననేవారు ఎందరో ఉన్నారు. మందు తుంటిలో నుంచి ఎక్కినా రక్తంలో కలిసి కడుపు గోడకు చేరి అక్కడి ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతుంది కాబట్టి సూదికి మినహాయింపు లేదు. మలద్వారంలో పెట్టే మందుకూ లేదు. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్ళి కరిగే పూత వేసిన బిళ్ళకూ ఇదే వర్తిస్తుంది. కడుపు గోడకు నేరుగా తగిలి కొంత గీరుకుపోవడం కూడా ఉన్నది కానీ, పెద్ద పుండ్లకు అసలు కారణం రక్తం ద్వారా జరిగే పనే. అన్నం తిన్నాక మింగితే వికారం, మంట తగ్గుతాయి, కాబట్టి అలాగే మింగండి. అయితే అన్నం పుండును ఆపుతుందనుకోవద్దు. పాలతో మింగడం వల్ల క్షణకాలం చల్లగా అనిపించినా తర్వాత ఆమ్లం ఇంకా ఎక్కువే ఊరుతుంది.

హాని ఒక్క కడుపుతో ఆగదు. గుక్కెడు నీళ్ళతో బిళ్ళ మింగి వెంటనే మంచం ఎక్కితే అది అన్నవాహికలో ఇరుక్కుని అక్కడే పుండు చేస్తుంది. అందుకని నిలబడో కూర్చునో నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట వరకు పడుకోకుండా ఉండాలి. కడుపు దాటాక చిన్నపేగు మొదటి భాగంలో పుండ్లు పడడం చాలా మామూలు. ఇంకా కిందికి, నోట్లో నుంచి దించి లోపల చూసే ఎండోస్కోపీ గొట్టం చేరలేని చిన్నపేగు పొడవునా కూడా ఈ మందులు చిన్న చిన్న పుండ్లు చేస్తాయని మింగే కెమెరా మాత్రలు వచ్చాక బాగా తెలిసింది. అక్కడి నుంచి రోజూ చుక్క చుక్కగా రక్తం పోతుంటే మలంలో రంగు మారదు, కడుపులో నొప్పి ఉండదు. మనిషి మాత్రం పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ ఉంటాడు. ఏళ్ళ తరబడి నొప్పుల బిళ్ళ వాడుతున్నవారికి కారణం తెలియని రక్తహీనత కనిపిస్తే ఈ దారిలో వెతకాలి.

నెలల తరబడి ఈ మందులు వాడేవారికి ఎండోస్కోపీ చేసి చూస్తే నూటికి 15 నుంచి 30 మందిలో పుండ్లు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు గొడవ చేయకుండానే మానిపోతాయి. ఏడాదిలో నూటికి ఒకరిద్దరికి మాత్రం రక్తస్రావమో, కడుపుకు చిల్లు పడడమో జరుగుతుంది. నూటికి ఒకరే కదా అనిపించవచ్చు. ఒక మండలంలో ఈ బిళ్ళలు రోజూ మింగేవారు ఎందరో ఊహించుకుంటే ఆ ఒకరు ఎంతమంది అవుతారో తెలుస్తుంది. మంట ఉన్నవారిలో చాలామందికి పుండు ఉండదు, పుండు ఉన్నవారిలో చాలామందికి మంట ఉండదు. నొప్పిని చంపే మందు పుండు నొప్పిని కూడా కప్పిపెట్టగలదు.

ముప్పు ఎవరికి ఎక్కువ

అందరికీ ఒకే లెక్క వర్తించదు. 65 ఏళ్ళు దాటినవారు, ఇంతకు ముందు ఎప్పుడైనా కడుపులో పుండు పడినవారు లేక రక్తం కక్కినవారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నవారు, ఉబ్బసానికో చర్మానికో స్టెరాయిడ్ మింగుతున్నవారు, మనోవ్యాకులతకు సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు వాడుతున్నవారు, పెద్ద మోతాదులో నొప్పుల మందు వాడవలసి వచ్చినవారు ఈ లెక్కలో ముందు వరుసలో ఉంటారు. వీరిలో పుండు చరిత్ర ఉన్నవారి ముప్పు అన్నిటికన్నా పెద్దది. సారా, చుట్ట, బీడీ అలవాటు ముప్పును మరింత పెంచుతాయి. వీటిలో రెండు మూడు ఒకే మనిషిలో కలవడం మన దగ్గర అరుదు కాదు. చీమకుర్తి క్వారీలో ముప్పై ఏళ్ళు డ్రిల్లింగు చేసి నడుము విరిగిన మనిషికి 66 ఏళ్ళు ఉంటాయి, గుండెకు ఎకోస్ప్రిన్ ఉంటుంది, సాయంత్రం చుట్ట ఉంటుంది, నడుముకు సూది ఉంటుంది.

కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి ఉన్నవారి సంగతి వేరుగా చెప్పాలి. పుండ్లకు కారం, కంగారు కారణమని నమ్మే రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఈ క్రిమిని బయటపెట్టారు. ఆ పనికి 2005లో నోబెల్ వచ్చింది. మన దేశంలో చాలామంది కడుపులలో ఇది చిన్నతనం నుంచే ఉంటుంది. ఇది ఒకటి, నొప్పుల బిళ్ళ ఒకటి, రెండూ కలిస్తే పుండు పడే అవకాశం విడివిడిగా ఉన్నప్పటి కన్నా చాలా ఎక్కువ. కాబట్టి నెలల తరబడి నొప్పుల మందు మొదలుపెట్టబోతున్నవారు, ముఖ్యంగా పాత పుండు ఉన్నవారు, ముందుగా ఊపిరి పరీక్షో మలపరీక్షో చేయించుకుని క్రిమి ఉంటే కోర్సు వాడి పోగొట్టుకోవడం మంచిది. ఈ పరీక్షలకు ముందు రెండు వారాలు ఒమెప్రజోల్ వంటి గ్యాస్ బిళ్ళలు, నాలుగు వారాలు యాంటీబయాటిక్‌లు వాడి ఉండకూడదు, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. ఈ సంగతి చెప్పకుండా పరీక్షకు పంపడం నేను చాలాసార్లు చూశాను.

మన ప్రాంతానికి మరొక లెక్క ఉన్నది. నీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు ఈ దేశంలో ఉన్నదని వైద్య పత్రికలలో మొదట నమోదైనది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచే. నేటి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోవే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. ఆ పల్లెల్లో నడుము, మెడ, మోకాళ్ళ నొప్పులు ఒక వారం ఉండి పోయేవి కావు, బతుకంతా ఉండేవి. అందువల్ల నొప్పుల బిళ్ళ కూడా బతుకంతా నడుస్తుంది. ఫ్లోరైడ్ నొప్పికి ఈ మందు తాత్కాలిక ఉపశమనమే తప్ప చికిత్స కాదు, మొదట మార్చవలసింది తాగే నీరు. ఇదే మందు మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి, వేసవి ఎండలో నీళ్ళు చాలక పని చేసేవారు, బీపీ, షుగర్ ఉన్నవారు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా దీన్ని రోజువారీ మందుగా చేసుకోకూడదు.

తప్పనిసరై వాడవలసినప్పుడు

ముందు చూడవలసింది ఈ జాతి మందు లేకుండా గడుస్తుందా అన్నది. వరినాట్ల తర్వాత వచ్చే నడుము నొప్పి, అరిగిన మోకాలి నొప్పి వంటి వాటికి పారాసిటమాల్‌తో మొదలుపెట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు అది అన్ని రకాల బిళ్ళలలో కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. సన్నగా ఉన్నవారు, ముసలివారు, సారా తాగేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు ఇంకా తక్కువతో ఆగాలి, ఎంత అన్నది డాక్టరును అడగాలి. కాంబినేషన్ బిళ్ళలో కూడా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుందని మరచిపోయి పైన డోలో వేసుకునేవారు ఎక్కువ. అది కూడా లెక్కలోకి రావాలి. మోకాలు, చేతి వేళ్ళ వంటి చర్మానికి దగ్గరగా ఉండే కీళ్ళకు డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవడం నా దృష్టిలో మన దగ్గర తగినంత ఆదరణ దక్కని మార్గం. రాసిన మందులో రక్తంలోకి చేరేది చాలా కొద్ది కాబట్టి కడుపుకు ముప్పు బాగా తక్కువ. నడుము వంటి లోతైన చోట అది అంతగా పనిచేయదు. మోకాలి అరుగుదలకు తొడ కండరం గట్టిపడేలా కాలు చాపి ఎత్తి నిలిపే వ్యాయామం రోజూ చేస్తే కొన్ని వారాలకు బిళ్ళల సంఖ్య తగ్గుతుంది. షాపులో ఈ మాట చెబితే నవ్వి ఊరుకునేవారే ఎక్కువ, అయినా చెబుతూనే ఉంటాను.

ఇవేవీ చాలక ఈ జాతి మందు వాడవలసి వస్తే ఒక్కటే వాడాలి, పనిచేసే మోతాదులలో చిన్నది వాడాలి, నొప్పి తగ్గిన రోజున ఆపాలి. షీటులో పది ఉన్నాయని పదీ పూర్తి చేయడానికి ఇది యాంటీబయాటిక్ కోర్సు కాదు. జాతి ఒకటే అయినా అన్నీ సమానం కావు. చిన్న మోతాదులో ఇబుప్రోఫెన్ కడుపుకు తక్కువ హాని చేసేవాటిలో ఒకటి, పైరాక్సికామ్, కీటోరొలాక్ ఎక్కువ హాని చేసేవాటిలో ఉంటాయి. పంటి నొప్పికని అలవాటుగా అడిగే కీటోరొలాక్‌ను అయిదు రోజులకు మించి వాడనే కూడదు. గుండెకు ఆస్పిరిన్ వాడేవారికి ఇబుప్రోఫెన్‌తో మరో చిక్కు ఉన్నది. ముందుగా ఇబుప్రోఫెన్ రక్తకణాల మీద చోటు పట్టుకుంటే ఆస్పిరిన్ తన పని చేయలేదు. అందువల్ల మామూలు ఆస్పిరిన్ మింగిన తర్వాత కనీసం అరగంట ఆగి గాని, లేక ఆస్పిరిన్‌కు ఎనిమిది గంటల ముందు గాని ఇబుప్రోఫెన్ వాడాలి. పూత వేసిన ఆస్పిరిన్ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి దానికి ఈ అరగంట లెక్క చెల్లదు. అలాంటివారు నొప్పికి ఏం వాడాలో గుండె డాక్టరునే అడగడం మంచిది.

కాక్సిబ్ జాతి కడుపుకు కొంత మెత్తనిది, పుండ్లు, రక్తస్రావం వాటితో తక్కువ. అయితే 1999లో వచ్చిన రోఫెకాక్సిబ్ గుండెపోట్లు పెంచుతున్నదని తేలి 2004లో తయారీదారే ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నాడు. మన దగ్గర బాగా నడిచే ఎటోరికాక్సిబ్ బీపీని పెంచగలదు, బీపీ అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు దాన్ని వాడకూడదు. పైగా దానితో పాటు ఆస్పిరిన్ కూడా వాడితే కడుపుకు దక్కే లాభం చాలావరకు పోతుంది.

ముప్పు ఎక్కువ ఉన్నవారు నొప్పుల మందు వాడినన్ని రోజులూ కడుపుకు కాపలా మందు కూడా వాడాలి. ఇక్కడ గ్యాస్ బిళ్ళ అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు మందులు నడుస్తుండడమే పెద్ద గందరగోళం. గులాబీ రంగు సిరప్, కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని కాసేపు విరుస్తుంది, మంట తగ్గుతుంది, పుండు ఆగదు. రానిటిడిన్ వంటివి మామూలు మోతాదులో కడుపు పుండును నమ్మకంగా ఆపలేవు. ఒమెప్రజోల్ 20 మిల్లీగ్రాములు, పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు వంటివి ఆమ్లం ఊరే పంపులనే మూస్తాయి కాబట్టి కాపలాకు పనికొచ్చేవి అవి. వాటిని పరగడుపున, టిఫినుకు అరగంట ముందు మింగాలి. నొప్పుల బిళ్ళతో పాటు భోజనం తర్వాత మింగేవారికి సగం ఫలితమే దక్కుతుంది, ఎందుకంటే తిండి తగిలి పంపులు లేచే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. ఇవి కూడా చిన్నపేగు కింది భాగాన్ని కాపాడలేవు. నొప్పుల మందు ఆపాక వీటిని ఊరికే ఏళ్ళ తరబడి కొనసాగించకూడదు. నెలల తర్వాత ఆపినప్పుడు ఒకటి రెండు వారాలు పులితేన్పులు ఎక్కువ కావచ్చు, అది పుండు తిరగబెట్టడం కాదు, మూసిన పంపులు ఒక్కసారిగా తెరుచుకోవడం. మిసోప్రోస్టాల్ అనే మందు కూడా పుండ్లను ఆపుతుంది కానీ విరేచనాలు పట్టిస్తుంది, గర్భాన్ని పోగొడుతుంది, అందువల్ల దాన్ని డాక్టరు చెప్పకుండా ఎవరూ ముట్టుకోకూడదు.

నల్ల విరేచనం

మా మేనత్తది పొదిలి పక్క పల్లె. మోకాళ్ళకు రోజూ డైక్లోఫెనాక్ వాడేది. ఒక ఏడాది నీరసంగా ఉందని చూపించుకుంటే రక్తం తక్కువగా ఉందని ఐరన్ బిళ్ళలు రాసిచ్చారు. రక్తం ఎందుకు తగ్గిందని అక్కడ ఎవరూ అడగలేదు, నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. ఐరన్ మొదలుపెట్టాక విరేచనం నల్లగా అవుతుందని చెప్పింది కూడా నేనే. నెల తర్వాత విరేచనం నల్లగా వస్తుంటే నేను చెప్పిన మాట గుర్తుంచుకుని ఆమె నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు తెల్లవారుజామున దొడ్లోకి వెళ్ళి లేవబోయి పడిపోయింది. ఒంగోలు తీసుకువచ్చేసరికి హిమోగ్లోబిన్ 6 కూడా లేదు. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో రూపాయి బిళ్ళంత పుండు, దాని నడుమ రక్తం కారుతున్న నాళం కనిపించాయి.

అందుకని ఈ తేడాను వివరంగా చెబుతాను. ఐరన్ వల్ల వచ్చే మలం ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపుగా ఉంటుంది, మామూలుగానే గట్టిగా వస్తుంది, వాసన మామూలుగానే ఉంటుంది, నీళ్ళు పోస్తే పోతుంది. కడుపులో కారిన రక్తం పేగుల వెంట దిగుతూ జీర్ణమై వచ్చే మలం రోడ్డు వేసే తారులా నిగనిగలాడుతూ జిగటగా ఉంటుంది, చెంబు నీళ్ళు పోసినా పళ్ళేనికి అంటుకుని ఉంటుంది, పక్క గదిలోకి వచ్చే నీచు వాసన వేస్తుంది. కడుపులో పావు గ్లాసు, అరగ్లాసు రక్తం కారినా ఇలా రావచ్చు. నొప్పుల మందు వాడేవారికి ఇలాంటి విరేచనం ఒక్కసారి వచ్చినా, కాఫీ పొడి కలిపిన నీళ్ళలాంటి వాంతి అయినా, ఎర్రటి రక్తం వాంతి అయినా, లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మి చెమటలు పట్టినా తెల్లవారే వరకు ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, ఎండోస్కోపీ, రక్తం ఎక్కించే వసతి ఉన్న నెల్లూరు, ఒంగోలు వంటి చోటికి చేర్చాలి. కనిగిరి వైపు వారికి అది రెండు గంటల దారి, కాబట్టి ఊళ్ళో సెలైన్ పెట్టి చూద్దామనే ఆలోచనతో ఆ రెండు గంటలను నాలుగు చేయవద్దు. దారిలో మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఇంకో గ్యాస్ బిళ్ళ ఏదీ పట్టవద్దు, కడుపు ఖాళీగా ఉంటేనే ఎండోస్కోపీ సాగుతుంది. వాంతి ఊపిరితిత్తులలోకి పోకుండా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా వచ్చి కదలనివ్వని నొప్పి, చెక్కలా బిగిసిన పొట్ట కనిపిస్తే అది కడుపుకు చిల్లు పడిన లక్షణం. దానికి నొప్పి సూది వేయించి ఇంట్లో పడుకోబెట్టడం ప్రాణాంతకం, వెంటనే ఆపరేషను చేసే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న షీట్లన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. గుండె ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడుతున్నవారైతే ఆ మాట ముందుగా చెప్పండి. వాటిని ఆపాలా, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలా అన్నది అక్కడి డాక్టరు, గుండె డాక్టరు కలిసి తేల్చవలసింది. రక్తస్రావం భయంతో స్టెంటు ఉన్నవారు తమంతట తామే ఆస్పిరిన్ మానేస్తే గుండెపోటు ముప్పు ఉంటుంది. సాధారణంగా ఒక రోజులోపు ఎండోస్కోపీ చేసి, రక్తం కారే చోట సూదితో మందు ఇచ్చో, వేడితో మాడ్చో, క్లిప్పు వేసో ఆపుతారు.

ఇంటికి వచ్చాక ఎనిమిది వారాల వరకు పాంటోప్రజోల్ వంటి మందు పూర్తిగా వాడాలి, పైలోరి పరీక్ష చేయించుకోవాలి. రక్తం కారుతున్న రోజుల్లో చేసిన పరీక్షలో క్రిమి లేదని వచ్చినా దాన్ని తర్వాత ఒకసారి మళ్ళీ చూడాలి. పుండు పేగులో కాక కడుపులోనే ఉన్నదైతే ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు ఎండోస్కోపీ మరోసారి చేయించుకోమంటారు. మానని కడుపు పుండు వెనుక క్యాన్సరు దాగి ఉండవచ్చు కాబట్టి ఆ రెండో పరీక్షను ఖర్చని దాటవేయవద్దు. మా అత్త ఇప్పుడు మోకాళ్ళకు జెల్ రాసుకుంటుంది, నొప్పి మరీ పట్టిన రోజున పారాసిటమాల్ మింగుతుంది, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. ఎక్కడికి వెళ్ళినా కొంగున ముడి వేసుకున్న చీటీలో 'ఈమెకు డైక్లోఫెనాక్, ఆ జాతి మందులు, సూదులు ఇవ్వవద్దు, కడుపులో పుండు నుంచి రక్తం పోయింది' అని రాసి ఉంటుంది. రాసిచ్చింది నేనే.